ఎవరూ సంతకం పెట్టని నిషేధం: నటి జీన్ మ్యూర్ వేషం ఎలా పోయింది?

1950 ఆగస్టు 27, ఆదివారం. ఆ సాయంత్రం అమెరికాలో ఎన్‌బీసీ టీవీలో ‘ది ఆల్డ్రిచ్ ఫ్యామిలీ’ కొత్త సీజన్ మొదలుకావాలి. అప్పటికే రేడియోలో ఏళ్ల తరబడి ఇంటింటా విన్న సరదా కుటుంబ కథ అది. ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. తల్లి “హెన్రీ! హెన్రీ ఆల్డ్రిచ్!” అని సాగదీసి కేక వేస్తుంది. గొంతు మారుతున్న వయసు కుర్రాడు కీచుగా “కమింగ్, మదర్!” అంటాడు. దేశంలో సగం మంది ఆ కేకని అనుకరించగలిగేవాళ్లు.

ఆ సీజన్‌లో ఆ కేక వేయాల్సిన తల్లి జీన్ మ్యూర్. వయసు 39. వేషం ఖరారైంది, రిహార్సల్స్ నడిచాయి. ప్రసారానికి కొద్ది గంటల ముందు ఎపిసోడ్‌ని ఆపేశారు. తర్వాత షో మొదలైనప్పుడు తల్లి పాత్రలో నాన్సీ కారల్ ఉన్నారు.

ఇదెవరి ఆజ్ఞ అని వెతికితే ఆజ్ఞ కనిపించదు. కోర్టు తీర్పు లేదు. ప్రభుత్వ ఉత్తర్వు లేదు. ఆమె మీద కేసు లేదు. ‘మెకార్థీ నిషేధించాడు’ అని చాలామంది అనుకుంటారు, అదీ నిజం కాదు. ఎవరూ నిషేధించకుండా ఒక నటి పని ఎలా పోయిందో అర్థమైతే, ఆ కాలంలో ‘బ్లాక్‌లిస్ట్’ అనే మాటకి అసలు అర్థం ఏమిటో తెలుస్తుంది.

ప్రశ్నలు అడిగే నటి

జీన్ మ్యూర్ నాటకాల నుంచి వచ్చారు. 1930ల మొదట్లో వార్నర్ బ్రదర్స్ ఆమెని తీసుకుంది. 1935లో వచ్చిన షేక్‌స్పియర్ నాటక చిత్రం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో హెలెనా పాత్ర ఆమెదే. సెట్లో కెమెరా ఎలా పనిచేస్తుంది, లైటు అక్కడే ఎందుకు పెట్టారు అని ప్రతిదానికీ ప్రశ్నలు వేసేవారట. అందుకే స్టూడియోలో ‘స్టూడియో పెస్ట్’ అన్న పేరు పడింది. మన మాటల్లో చెప్పాలంటే బుర్ర తినేసే మనిషి. నటుల సంఘం పనుల్లోనూ ముందుండేవారు. స్టూడియోకి అదీ నచ్చలేదు. పెద్ద తార కాకుండానే వార్నర్ నుంచి బయటికి వచ్చారు. 1943 తర్వాత సినిమాలు ఆగాయి. లాయర్ హెన్రీ జాఫీని పెళ్లి చేసుకుని పిల్లల్ని పెంచుకుంటున్నారు. ఆయన రేడియో కళాకారుల సంఘానికి న్యాయవాది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నటుల హక్కులు కాపాడే లాయర్ ఇంట్లోనే ఉన్నా ఆమె వేషం నిలబడలేదు.

అంటే మొదటి ఎదురుదెబ్బ స్టూడియోలోనే తగిలింది. టీవీ ఆమెకి రెండో అవకాశం.

జనం కలిపేసే మూడు సంగతులు

ఆ కాలం గురించి మాట్లాడేటప్పుడు మూడు వేర్వేరు విషయాలు ఒకే మూటలోకి వెళ్లిపోతాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది, అమెరికా ప్రతినిధుల సభలో ఉన్న ‘అమెరికా వ్యతిరేక కార్యకలాపాల కమిటీ’. పొట్టిగా హ్యూయాక్ అంటారు. 1947లో ఇది హాలీవుడ్‌ని విచారించింది. “నువ్వు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడివా, ఎప్పుడైనా సభ్యుడిగా ఉన్నావా?” అన్నదే దాని ప్రశ్న. జవాబు చెప్పం, అది మా భావప్రకటన స్వేచ్ఛ అన్న పదిమంది రచయితలు, దర్శకులకి కమిటీని ధిక్కరించారంటూ జైలు శిక్ష పడింది. అదే ఏడాది నవంబరులో స్టూడియోల అధిపతులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో సమావేశమై, ఆ పదిమందికీ పని ఇవ్వబోమని, తెలిసి తెలిసి కమ్యూనిస్టుని పెట్టుకోబోమని ప్రకటించారు.

రెండోది సెనేటర్ జోసెఫ్ మెకార్థీ. ఆయన పేరు మోగింది 1950 ఫిబ్రవరిలో. ఆయన గురి ఎక్కువగా విదేశాంగ శాఖ, తర్వాత సైన్యం. ఆయన సెనేట్ మనిషి, హ్యూయాక్ ప్రతినిధుల సభ కమిటీ. మన లెక్కలో రాజ్యసభ సభ్యుడు వేరు, లోక్‌సభ కమిటీ వేరు అన్నట్టు. మ్యూర్ వేషం పోవడంలో ఆయన చెయ్యి లేదు, ఆయన పెంచిన భయం మాత్రం గాలిలో ఉంది.

మూడోది ప్రైవేటు వ్యక్తులు నడిపిన జాబితాల వ్యాపారం. మ్యూర్‌ని దెబ్బతీసింది ఇదే.

ఒక డాలరు పుస్తకం

1950 జూన్ 22న ‘రెడ్ ఛానెల్స్’ అనే పుస్తకం వచ్చింది. అట్ట మీద మైక్రోఫోన్‌ని పట్టుకోబోతున్న ఎర్రటి చెయ్యి. దాన్ని వేసింది ‘కౌంటర్ అటాక్’ అనే వార్తాపత్రం నడిపే సంస్థ. ఆ సంస్థని పెట్టింది ముగ్గురు మాజీ ఎఫ్‌బీఐ ఏజెంట్లు. రేడియో, టీవీల్లో పనిచేసే 151 మంది పేర్లు అందులో అక్షర క్రమంలో ఉన్నాయి. ఆర్సన్ వెల్స్, లియొనార్డ్ బెర్న్‌స్టయిన్, ఆర్థర్ మిల్లర్, లీనా హార్న్, పీట్ సీగర్ కూడా ఆ వరసలో ఉన్నారు.

ఒక్కో పేరు కింద ఒక పట్టిక. ఎడమవైపు ఏదో సంఘం పేరు, కుడివైపు ‘రిపోర్టెడ్ యాజ్’ అని, ఫలానా పత్రం ప్రకారం సంతకం పెట్టారు, ఫలానా సభకి మద్దతిచ్చారు అని. అంటే ‘అని రాశారు, అని చెప్పారు’. “ఈమె కమ్యూనిస్టు” అని ఎక్కడా ఉండదు. పైగా ఇందులో కొందరు తెలియక కలిసినవాళ్లు కూడా ఉండొచ్చని పుస్తకమే ముందుమాటలో ఒప్పుకుంది. పరువునష్టం దావా వేద్దామన్నా వేలు పెట్టి చూపడానికి ఒక్క వాక్యం దొరకదు.

జీన్ మ్యూర్ పేరు కింద తొమ్మిది అంశాలు ఉన్నాయి. వాటిలో ఒకటి, మాస్కో ఆర్ట్ థియేటర్‌కి పంపిన అభినందన తంతి మీద సంతకం. నటన పాఠాలకి పేరుపడ్డ రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ స్థాపించిన నాటక సంస్థ అది. ప్రపంచంలో నటన నేర్చుకున్న ప్రతివాళ్లూ ఎంతో కొంత దానికి రుణపడి ఉన్నవాళ్లే. మిగతావి మహిళా సంఘం, దక్షిణాది రాష్ట్రాల సంక్షేమ సభ లాంటివి. కొన్నిటితో తనకి సంబంధమే లేదని, తాను కమ్యూనిస్టుని కాదని, ఎప్పుడూ కాలేదని మ్యూర్ బహిరంగంగా చెప్పారు.

పుస్తకం వచ్చిన మూడో రోజే, జూన్ 25న, కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైనికులు కమ్యూనిస్టు సైన్యాలతో పోరాడుతూ చనిపోతున్న వార్తలు, రెడ్ ఛానెల్స్ పట్టికలు ఒకేసారి ఇళ్లకి చేరాయి. మామూలు రోజుల్లో అయితే ఆ పుస్తకాన్ని అంతమంది పట్టించుకునేవాళ్లు కాదేమో.

షో ఎవరిది?

ఇక్కడ అప్పటి టీవీ వ్యాపారం తెలియాలి. ఇవాళ ఒక సీరియల్ మధ్యలో పది కంపెనీల యాడ్స్ వస్తాయి. ఒక కంపెనీ తప్పుకుంటే ఇంకొకటి వస్తుంది. 1950లో అమెరికాలో అలా కాదు. చాలా షోలకి ఒక్కరే స్పాన్సర్. ఆ కంపెనీ డబ్బుతో యాడ్ ఏజెన్సీయే షోని తయారుచేసేది, నటుల్ని ఎంచుకునేది, ఛానల్ ఆ సమయాన్ని అమ్ముకునేది. మన రేడియోలో ‘సమర్పిస్తున్నవారు’ అనే మాట విన్నాం కదా. అక్కడ సమర్పించేవాళ్లే నిజంగా యజమానులు.

ఆల్డ్రిచ్ ఫ్యామిలీకి స్పాన్సర్ జనరల్ ఫుడ్స్. అమ్మేది జెల్లో అనే తియ్యటి జెల్లీ పొడి. ఏజెన్సీ యంగ్ అండ్ రూబికమ్. మ్యూర్ పేరు ప్రకటించగానే రెడ్ ఛానెల్స్ మద్దతుదారులు కొందరు ఒకరికొకరు చెప్పుకుని ఛానల్‌కీ స్పాన్సర్‌కీ ఫోన్లు చేశారు. ఆ వారాంతంలో వచ్చినవి లెక్కేస్తే కొన్ని పదుల ఫోన్లు, రెండు మూడు టెలిగ్రాములు. అంతే.

జనరల్ ఫుడ్స్ ఇచ్చిన వివరణలో అసలు కీలకం ఉంది. మ్యూర్ కమ్యూనిస్టు అని కంపెనీ అనలేదు. ఆరోపణ నిజమా కాదా అన్నది తాను తేల్చడం లేదనే చెప్పింది. వివాదంలో ఉన్న వ్యక్తుల్ని మా ప్రకటనల్లో వాడితే కొనేవాళ్లలో కొందరికి కోపం రావచ్చు, అది మా సరుకుకి మంచిది కాదు అన్నది దాని సారాంశం. ఒప్పందం ప్రకారం ఆమెకి రావలసిన డబ్బు చెల్లించింది కూడా. డబ్బు ఇచ్చాం కదా, అన్యాయం ఏముంది అన్నట్టు.

‘వివాదాస్పదం’ అనే మాట చేసిన పని

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. మీ గురించి ఎవరో ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశారు. మీ ఆఫీసువాళ్లు విచారిస్తే రెండే జరగాలి. నిజమైతే శిక్ష, అబద్ధమైతే మీరు నిర్దోషి. కానీ ఆఫీసువాళ్లు, “ఉత్తరం నిజమో కాదో మాకు అనవసరం, మీ మీద ఉత్తరం వచ్చింది, అంటే మీరు వివాదంలో ఉన్నారు, వివాదంలో ఉన్నవాళ్లు మాకు వద్దు” అన్నారనుకోండి. ఇప్పుడు మీరు నిర్దోషి అని రుజువు చేసుకున్నా లాభం లేదు. రుజువు చేసుకోవడానికి నోరు విప్పితే వివాదం ఇంకా పెరుగుతుంది.

బట్ట కాల్చి మీద వేస్తే తుడుచుకోవాల్సింది వాళ్లే అంటాం. ఇక్కడ తుడుచుకోవడం కూడా తప్పే అయింది.

ఇంతకీ కంపెనీ భయంలో నిజం ఎంత? గొడవ తర్వాత జనరల్ ఫుడ్స్ గాలప్ సంస్థతో సర్వే చేయించుకుంది. మ్యూర్ గొడవ గురించి విన్నవాళ్లే నూటికి 40 మంది కన్నా తక్కువ. ఆ విన్నవాళ్లలో ఆమె పేరుని జనరల్ ఫుడ్స్‌తోనో జెల్లోతోనో కలిపి చెప్పగలిగినవాళ్లు నూటికి 3 కన్నా తక్కువ. ఈ అంకె దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. జనం నిజంగా కోప్పడి ఉంటే అది వేరే మాట. రాని కోపాన్ని ఊహించుకుని ఒక మనిషి పని తీసేశారు.

భయం ఎలా తయారయ్యేదో ఇంకా దగ్గరగా చూడాలంటే న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్ వెళ్లాలి. అక్కడ లారెన్స్ జాన్సన్ అనే ఆయనకి కొన్ని సూపర్‌మార్కెట్లు ఉండేవి. 1951 నుంచి ఆయన స్పాన్సర్లకి ఉత్తరాలు రాసేవారు. ఒక టూత్‌పేస్ట్ కంపెనీకి రాసిన ఉత్తరంలో, మీ పేస్టుని పోటీ పేస్టు పక్కనే పెడతాను, మధ్యలో ఒక ఓటు కాగితం ఉంచుతాను అన్నారు. మీరు ఇచ్చే డబ్బులో కొంత కమ్యూనిస్టు సానుభూతిపరుల జీతాలకి వెళ్లడం మీకు ఇష్టమేనా, అవునో కాదో రాయండి అని ఆ కాగితం మీద ఉంటుందట. కొన్ని దుకాణాలే. కానీ ఆ ఉత్తరం మాన్‌హాటన్‌లోని పెద్ద ఏజెన్సీ ఆఫీసుకి చేరగానే అక్కడ టెన్షన్ మొదలయ్యేది.

దాంతో పాత్రకి మనిషిని ఎంచుకునే ముందు పేరుని ‘తనిఖీ’కి పంపడం మామూలైంది. రెడ్ ఛానెల్స్‌కి ముందుమాట రాసిన విన్సెంట్ హార్ట్‌నెట్, పేరుకి ఇంత అని డబ్బు తీసుకుని ఈ తనిఖీ చేసిపెట్టేవారు. మచ్చ ఉందని చెప్పడం వ్యాపారమైతే మచ్చ తుడిచిపెట్టడమూ ఇంకో వ్యాపారమైంది. కాదన్నప్పుడు నటుడికి కారణం చెప్పేవాళ్లు కాదు. ఈ పాత్రకి కాస్త పొడవైనవాళ్లు కావాలి, ఇంకోసారి చూద్దాం, అంతే.

అదే ఆరోపణ, వేరే జవాబు

అందరూ లొంగిపోయారనడం సరికాదు. మ్యూర్ గొడవ జరిగిన కొద్ది వారాలకే ఏబీసీ రేడియోలో జిప్సీ రోజ్ లీ అనే కళాకారిణి మీద అలాంటి ఫిర్యాదే వచ్చింది. ఏబీసీ అధ్యక్షుడు రాబర్ట్ కింట్నర్, మీ దగ్గర ఆధారం ఉంటే పంపండి అని తిరిగి తంతి ఇచ్చారు. ఆధారం రాలేదు. ఆమె షో ఆగలేదు. ఆ నిలకడకి ఏబీసీకి ప్రసార రంగంలో పేరున్న పీబాడీ పురస్కారం కూడా దక్కింది. ఒక్క ప్రశ్న చాలింది.

ఫిలిప్ లోబ్ కథ వేరు. ఆయన ‘ది గోల్డ్‌బర్గ్స్’ షోలో తండ్రి పాత్రధారి. స్పాన్సర్ మళ్లీ జనరల్ ఫుడ్సే. షో రచయిత, కథానాయిక గెర్ట్రూడ్ బెర్గ్ ఆయన్ని తీసేయనని మొండికేశారు. 1951లో షోనే ఆగిపోయింది. ఆయన్ని ఉంచితే యూనిట్ మొత్తానికి పని లేదు, తీస్తే మాట తప్పినట్టు. బెర్గ్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. 1952లో షో తిరిగి వచ్చింది, లోబ్ లేకుండా. 1955 సెప్టెంబరులో ఆయన న్యూయార్క్ హోటల్ గదిలో ప్రాణం తీసుకున్నారు.

మొహం దాచుకోలేని పని

ఈ దెబ్బ నటులకి ఎందుకు మరీ గట్టిగా తగిలింది? రచయితకి ఒక దారి ఉంది. మారుపేరుతో రాయొచ్చు, స్నేహితుడి పేరు మీద స్క్రిప్టు అమ్మొచ్చు. జైలుకెళ్లిన ఆ పదిమందిలో ఒకరైన డాల్టన్ ట్రంబో అలాగే బతికారు, 1960లో ఆయన పేరు మళ్లీ తెర మీదికి వచ్చింది. నటి తన మొహాన్ని మారుపేరుతో పంపలేదు. అందులోనూ నటికి వయసుతో పాటు వేషాలు మారిపోతాయి. వయసులో ఉన్నప్పుడు పోయిన పన్నెండేళ్లని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఆ పన్నెండేళ్లు లీ గ్రాంట్‌వి. ఆమె తొలి చిత్రం ‘డిటెక్టివ్ స్టోరీ’ 1951లో వచ్చింది. దానికి ఆస్కార్ నామినేషన్, కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి పురస్కారం. అదే సమయంలో జె. ఎడ్వర్డ్ బ్రోమ్‌బెర్గ్ అనే నటుడు గుండె ఆగి చనిపోయారు. సంతాప సభలో ఆమె, హ్యూయాక్ కమిటీ పెట్టిన ఒత్తిడే ఆయన్ని చంపిందన్న అర్థంలో మాట్లాడారు. ఆ తర్వాత భర్త, రచయిత ఆర్నాల్డ్ మానాఫ్ మీద సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పలేదు. సినిమా, టీవీ తలుపులు దాదాపు మూసుకుపోయాయి.

నాటకాలు మాత్రం మిగిలాయి. బ్రాడ్‌వేలో డబ్బు టిక్కెట్ల మీద వస్తుంది, జెల్లో మీద కాదు. బెదిరించడానికి స్పాన్సర్ లేడు. 1960ల్లో టీవీ సీరియల్ ‘పేటన్ ప్లేస్’తో గ్రాంట్ తిరిగొచ్చి ఎమ్మీ గెలిచారు. 1975లో వచ్చిన ‘షాంపూ’కి సహాయనటిగా ఆస్కార్ అందుకున్నారు. ఆమె నిలదొక్కుకోవడం గొప్ప విషయం. అయితే ఆమె కథ చూపించి ‘ప్రతిభ ఉంటే ఆగదు’ అనడం మ్యూర్‌కి, లోబ్‌కి అన్యాయం.

రెండు వైపుల వాదన

కమ్యూనిస్టు వ్యతిరేకుల భయమంతా కల్పన అనడానికి వీల్లేదు. 1950 మొదట్లోనే అణుబాంబు రహస్యాలు సోవియట్లకి ఇచ్చిన క్లాస్ ఫుక్స్ పట్టుబడ్డాడు. విదేశాంగ శాఖ మాజీ అధికారి ఆల్జర్ హిస్‌కి అబద్ధపు సాక్ష్యం నేరం కింద శిక్ష పడింది. 1995లో బయటపెట్టిన ‘వెనోనా’ రహస్య తంతులు, అమెరికా ప్రభుత్వంలో సోవియట్ గూఢచారులు నిజంగానే ఉన్నారని చూపించాయి. హాలీవుడ్‌లో పార్టీ సభ్యులు ఉన్న మాటా నిజమే. చాలామంది సభ్యత్వాన్ని దాచారు, స్టాలిన్ కాలపు ఘోరాలకి కళ్లు మూసుకున్నారు. అలాంటి పార్టీకి పేరు, డబ్బు తెచ్చేవాళ్లని మా డబ్బుతో ఎందుకు పోషించాలి అని ఒక వినియోగదారుడు అడగడం కూడా అతని స్వేచ్ఛే. నచ్చని సరుకు కొనకపోవడం నేరం కాదు. ఎవరిని పెట్టుకోవాలో కంపెనీ ఇష్టం.

అవతలి వాదన ఇది. గూఢచారి వేరు, ఒక సభకి చందా ఇచ్చిన నటి వేరు. 1930ల్లో స్పెయిన్ శరణార్థులకో, నల్లజాతివారి హక్కులకో మద్దతిచ్చిన వేదికల్లో కమ్యూనిస్టులూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. ఒక కంపెనీ కాదంటే అది ఆ కంపెనీ ఇష్టం, కానీ అన్ని కంపెనీలూ ఒకే పుస్తకం చూసి ఒకేసారి కాదంటే అది జీవనాధారం మీద శిక్ష. శిక్ష వేసేటప్పుడు ఆరోపణ చెప్పాలి, జవాబు వినాలి. ఇక్కడ ఆ రెండూ లేవు.

నాకు రెండో వాదనే బరువుగా కనిపిస్తుంది. కారణం కమ్యూనిజం మీద అభిప్రాయం కాదు. మొదటి వాదన మొత్తం నిజమని ఒప్పుకున్నా, కింట్నర్ అడిగిన ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ఉండడానికి అందులో కారణం దొరకదు.

పట్టు ఎలా సడలింది

రేడియో కళాకారుడు జాన్ హెన్రీ ఫాక్, హార్ట్‌నెట్ ఉన్న ‘అవేర్’ అనే సంస్థనీ సిరక్యూజ్ జాన్సన్‌నీ తన పేరు చెడగొట్టారంటూ 1956లో కోర్టుకి లాగారు. మరుసటి ఏడాది ఆయన ఉద్యోగం పోయింది. కేసు ఆరేళ్లు సాగింది. లాయర్ లూయిస్ నైజర్, ఫోన్ ఎవరు ఎవరికి చేశారు, పేరు ఎవరు కొట్టేశారు అనేది సాక్షులతో చెప్పించారు. అంతవరకూ గుసగుసగా నడిచిన వ్యవహారం మొదటిసారి కోర్టు రికార్డులోకి ఎక్కింది. 1962లో జ్యూరీ 35 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. అప్పీలులో అది 5.5 లక్షలకి తగ్గింది. కానీ జాబితా నమ్ముకున్నవాళ్లకి ఇప్పుడు రెండో భయం మొదలైంది. టీవీ వ్యాపారం కూడా మారుతూ వచ్చింది. ఒకే స్పాన్సర్ పద్ధతి పోయి, యాడ్ సమయాన్ని ముక్కలుగా అమ్మడం పెరిగాక, ఒక్క కంపెనీని బెదిరించి షోని ఆపడం కష్టమైంది.

మ్యూర్ ఏమయ్యారు

1950 తర్వాతి ఏళ్లు ఆమెకి చాలా కష్టంగా గడిచాయి. తాగుడు అలవాటైంది, దాన్నుంచి బయటపడ్డారు, ఆ సంగతి దాచుకోలేదు. పెళ్లి నిలవలేదు. తెర మీద మళ్లీ చిన్న చిన్న వేషాలు దొరకడానికి దాదాపు పదేళ్లు పట్టింది. నటిగా పాత స్థానం మాత్రం తిరిగి రాలేదు.

1968లో ఆమె మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో స్టీఫెన్స్ కాలేజీకి నటన నేర్పడానికి వెళ్లారు. స్టూడియోలో ఎక్కువ ప్రశ్నలు వేస్తుందని పేరు పడ్డ మనిషి ఇప్పుడు విద్యార్థుల ప్రశ్నలకి జవాబులు చెప్పే చోట నిలబడ్డారు. మాస్కో ఆర్ట్ థియేటర్‌ని, స్టానిస్లావ్‌స్కీని పక్కనపెట్టి నటన పాఠం చెప్పడం ఎవరికీ కుదిరే పని కాదు. 1996లో, 85 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు.

ఆల్డ్రిచ్ ఫ్యామిలీ టీవీలో 1953 వరకు నడిచింది. ఆ ఒక్క ఆదివారం తప్పితే “హెన్రీ!” అనే కేక ఆగలేదు.